ఆరో నంబరు గుంట

ఏప్రిల్ 6

స్థలం మాదైంది! నలభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. సంతకాలు అయ్యాక ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా అక్కడికే వెళ్లాం. నేను టేపు పట్టుకుని కొలతలు మొదలుపెట్టేలోగా వెనకాలే ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. చూస్తే అందులో మా నిమ్మచెట్టు, నీలం డ్రమ్ముతో సహా! మా ఆవిడ నిన్ననే ఆటో మాట్లాడి పెట్టుకుందట. నాతో ఒక్క ముక్క అనలేదు.

ఇరవై ఒక్క ఏళ్లలో ఏడు అద్దె ఇళ్లు మారాం. అందులో పదకొండేళ్లు ఆ చెట్టు మాతోపాటే మారింది. ఏ ఇంటివాళ్లూ నేలలో గుంట తవ్వనివ్వలేదు మరి. డ్రమ్ములోనే ఉండి, ఇప్పటిదాకా ఒక్క కాయ కాయలేదు.

ఆవిడ చెప్పులు విడిచేసి స్థలమంతా కలియతిరిగింది. వెనక గోడ దగ్గర, సరిగ్గా మధ్యలో ఆగి, "ఇక్కడ" అంది.

"ఇక్కడే ఎందుకు?"

"కాలికి తెలుస్తోంది."

సాయంత్రానికల్లా చెట్టుని డ్రమ్ములోంచి తీయించి అక్కడే నాటించేసింది. నాకు నవ్వాగలేదు. కాలికేం తెలుస్తుంది? మట్టిని పరీక్షించాలి, కొలవాలి, రాయాలి. అందుకే ఈ పుస్తకం మొదలుపెడుతున్నాను. కాలేజీ ల్యాబులో మిగిలిపోయిన రికార్డు పుస్తకం. కుడి పేజీ రాతకి, ఎడమ పేజీ బొమ్మలకి. ఇరవై ఏడేళ్లుగా ల్యాబు అసిస్టెంటుగా నా పని ఏమిటంటే, పిల్లలకి పరికరాలు సర్దిపెట్టడం, వాళ్ల ప్రయోగం అయ్యాక కడిగి బీరువాలో పెట్టడం, బల్ల తుడవడం. రీడింగులు ఎప్పుడూ వాళ్లవే. ఈసారి రీడింగులు నావి!

ఏప్రిల్ 9

ఆరు గుంటలు తవ్వాను. అరచేతులు బొబ్బలెక్కాయి, అయినా ఎంత హుషారుగా ఉందో! ఒకటి నుంచి అయిదు దాకా నల్లరేగడి. తడిపి వేళ్ల మధ్య నలిపితే తాడులా సాగుతుంది, ఎంతకీ తెగదు. వెనక గోడ వెంట మాత్రం పది పన్నెండు అడుగుల వెడల్పున మట్టి వేరేగా ఉంది. ఎర్రటి మొరం, చిన్న చిన్న రాళ్లు. ఆ పట్టీలో ఎడమ చివర తవ్విందే ఆరో నంబరు గుంట. పిడికిట్లో పట్టి వదిలితే పొడిపొడిగా రాలిపోతుంది.

గుంటకొక గాజు సీసా చొప్పున మట్టి, నీళ్లు పోసి గిలకరించి కిటికీలో పెట్టాను. ఆవిడ కూడా గుంటకింత మట్టి తీసి ఆరు డబ్బాల్లో పోసుకుంది. ముల్లంగి గింజలు వేస్తుందట. వేసుకోనీ, పాపం, కాలక్షేపం.

ఏప్రిల్ 10

ఆరో సీసా గంటలో తేటపడింది. మిగతా అయిదూ ఇంకా సిరా బుడ్లే.

ఏప్రిల్ 14

నాలుగు నిమిషాలు!

మళ్లీ రాస్తాను. నాలుగు నిమిషాలు! బాత్రూము వచ్చే చోటికి వెనకాల ఉన్న రెండో నంబరు గుంటలో రెండు బకెట్లు పోశాను. నేల ఎండకి బీటలు వారి ఉంది, చీలికల్లో నా వేలు దూరుతోంది. పోసిన నీళ్లు గుటగుటా తాగేసింది. అంటే సెప్టిక్ ట్యాంకు నీళ్లకి ఇంకుడు గుంత అక్కడే, ఇంటికి ఆనుకునే తవ్వుకోవచ్చు. పైపు ఖర్చు లేదు, స్థలం వృథా కాదు.

"గడియారం నేను పట్టుకోనా?" అంది ఆవిడ.

"వద్దులే, రీడింగు చెడుతుంది" అన్నాను. ఒక చేత్తో గడియారం, ఒక చేత్తో స్కేలు, పెన్ను నోట్లో. అన్నీ నేనే చేసుకున్నాను.

మేస్త్రి వచ్చి గుంటలోకి వంగి చూశాడు. ముప్పై ఏళ్లుగా ఇళ్లు కడుతున్న మనిషి, మాట మహా పొదుపు.

"నీళ్లు ఇంకాయా సార్, పారిపోయాయా?"

"రెండూ ఒకటేగా!"

చెవి మీద పెన్సిలు సర్దుకుని వెళ్లిపోయాడు. కొలతలంటే వీళ్లకి కిట్టదు.

ఏప్రిల్ 16

ప్లాను గీశాను. ముందు వరండా, రెండు గదులు, వంటిల్లు, బాత్రూము. వెనక ఎడమ మూల మొరం నేల మీద విడిగా ఒక చిన్న గది, ఆరడుగులు ఎనిమిదడుగులు. సామాన్లకి. ఆవిడ పారలు, కుండీలు, ఎరువు సంచులు ఎక్కడ పెట్టుకుంటుంది మరి? అంత గట్టి నేల దొరికాక వృథా చేయకూడదు. నాకోసమైతే ఏమీ అక్కర్లేదు.

ఏప్రిల్ 29

ఆ గది ఎనిమిది, ఎనిమిది చేశాను. పారలు నిలబెట్టాలంటే ఆ మాత్రం ఉండాలి.

మే 7

గేటు స్తంభాలు లేచాయి! మేస్త్రి పునాది అయిదడుగులు దిగాలన్నాడు. ఉత్త గేటుకి అయిదడుగులేమిటి, రెండు చాలన్నాను. "మీ ఇష్టం సార్" అన్నాడు. రెండో నంబరు దగ్గర ఇంకుడు గుంత కూడా తవ్వించేశాను. పని చకచకా సాగిపోతోంది.

సామాన్ల గది ఎనిమిది, పది. కిటికీ ఉత్తరం వైపు, బల్ల మీద ఎండ పడకుండా. బల్ల అంటే సామాన్లు పెట్టుకునే బల్ల.

మే 19

వెనక మూల నాలుగు గూటాలు పాతి తాడు కట్టాను. లోపల నిలబడి చూసుకున్నాను. చాలాసేపే నిలబడ్డాను.

ఆవిడ చెట్టుకి నీళ్లు పోస్తూ, "ఈ గదికి కిటికీ ఉందా?" అంది.

"ఉంది. గాలాడాలిగా."

"ఎవరికి?"

"పారలకి. తుప్పు పట్టవూ?"

"పట్టవు పట్టవు" అంది, చెంబు వైపే చూస్తూ.

జూన్ 7

వాన! మొదటి వాన! గొడుగేసుకుని స్థలానికి పరిగెత్తాను. మొదట మట్టి వాసన, తర్వాత బురద. చెప్పు ఒకటి అక్కడే దిగబడిపోయింది, రేపు తవ్వి తీయాలి. నా ఇంకుడు గుంత నిండుగా ఉంది. రేపటికల్లా ఖాళీ అవుతుంది, చూడాలి.

జూన్ 8

నిండుగానే ఉంది.

జూన్ 9

అలాగే ఉంది. స్కేలు పెట్టి చూశాను. నూలు పోగంత కూడా తగ్గలేదు.

జూన్ 10

ఒక కప్ప చేరింది. నన్ను చూసి కూడా కదల్లేదు.

జూన్ 11

మేస్త్రిని పిలిచాను. పిలవక తప్పలేదు.

ఆయన ముందు గేటు దగ్గర ఆగాడు. ఎడమ స్తంభం రెండు వేళ్ల ఎత్తు లేచింది. గేటు పడటం లేదు. నేను నిన్నటి నుంచి గేటుదే తప్పనుకుంటున్నాను.

"ఈ మట్టి ఎండకి ముడుచుకుంటుంది సార్, వానకి ఉబ్బుతుంది. పైపైన పునాది వేస్తే ఎత్తి పారేస్తుంది. కింద గట్టి పొర తగిలేదాకా దిగాల్సిందే."

"అదే ఇల్లయ్యుంటే?"

"గోడలు నోళ్లు తెరిచేవి."

తర్వాత గుంత దగ్గరికి వచ్చి కప్పని చూశాడు. "మీరు ఆ రోజు పోసిన నీళ్లు బీటల్లోంచి పారిపోయాయి. అది ఇంకడం కాదు. ఇప్పుడు మట్టి ఉబ్బి బీటలు పూడిపోయాయి. ఇక చుక్క దిగదు. ఇక్కడ గుంత పెట్టుకుంటే వానాకాలమంతా ఇంట్లో నీళ్లు మళ్లీ బాత్రూములోకే ఎగదన్నుతాయి."

"మరి అప్పుడే చెప్పొద్దా?"

"అడిగానుగా సార్. ఇంకాయా, పారిపోయాయా అని."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందు రోజంతా తడిపి, నేల నీళ్లు తాగి చాలనుకున్నాక కొలవాలి. ఇరవై ఏడేళ్లు ల్యాబులో ఉన్నవాడికి ఈపాటి తట్టొద్దూ?

సాయంత్రం టీ తాగేసరికి సిగ్గు కాస్త తగ్గింది. తప్పు తెలిసిందంటే ప్రయోగం సగం అయినట్టే! ఆరు గుంటలూ మళ్లీ తవ్వి, నానబెట్టి, మొదటి నుంచీ చేస్తాను. ప్లాను జూన్ 30లోగా మున్సిపల్ ఆఫీసులో ఇవ్వాలి. బోలెడు టైముంది.

జూన్ 15

దొరికింది!

ఒకటి నుంచి అయిదు దాకా, గంటసేపు చూసినా స్కేలు మీద తేడా లేదు. ఆరో నంబరు మాత్రం రోజంతా నానాక కూడా దిగుతూనే ఉంది. నిలకడగా, చక్కగా, ప్రతిసారీ ఒకేలా! గంతేశాను. నిజంగానే గంతేశాను, కుడివైపు పక్కింట్లో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ బట్టలు ఆరేస్తూ చూసింది కూడా.

మేస్త్రి కూడా మొదటిసారి నవ్వాడు. "గుంత ఇక్కడే సార్. పక్కావిడ బావి కుడివైపు గోడ అవతలే ఉంది. బావికి ఎంత దూరమైతే అంత మంచిది. ఈ ఎడమ మూలని మించింది లేదు." అని నా గూటాల వైపు చూశాడు. "ఈ గది తీసేస్తే సరి."

"గది తీయక్కర్లేదు. మొరం పట్టీ గోడ పొడుగునా ఉందిగా. మధ్యలో తవ్వుదాం" అన్నాను.

"మధ్యలోనూ దిగుతుంది. బావి కాస్త దగ్గరవుతుంది, అయినా పరవాలేదు. కానీ గుంతకి పదడుగుల్లో పునాదీ ఉండకూడదు, చెట్టూ ఉండకూడదు." ఈసారి నిమ్మచెట్టు వైపు చూశాడు.

కుడి చివర బావిని ఆనుకుని పునాదీ, చెట్టూ వద్దన్నాడు. అంటే గుంత, గది, చెట్టు, మూడింట్లో రెండే పడతాయి. గుంత లేకపోతే ఇల్లే లేదు. సరే, చెట్టును కదిపితే సరిపోతుంది. పదకొండేళ్లు ఊరంతా తిప్పిన చెట్టు, ఇంకో ఇరవై అడుగులు జరపలేమా? ముందువైపు నల్లమట్టి ఉంది, బ్రహ్మాండంగా పెరుగుతుంది. రేపు ఆవిడకి చెప్తాను.

జూన్ 16

చెప్పలేదు. ఆవిడకి తలనొప్పి.

జూన్ 17

చెప్పలేదు. తలనొప్పి తగ్గింది, కానీ అప్పుడే తగ్గిన మనిషిని కదిలించడం ఎందుకని.

జూన్ 18

సామాన్ల గది పది, పది. నాలుగు పక్కలా సమానంగా ఉంటే మేస్త్రికి సులువు.

జూన్ 19

నర్సరీ మీదుగా వస్తూ ఊరికే ఆగాను. నర్సరీ ఆయన నిమ్మ అనగానే తల అడ్డంగా ఊపాడు.

"ఏప్రిల్లో నాటిందా? వేళ్లు ఇప్పుడిప్పుడే పట్టు దొరకబుచ్చుకుంటుంటాయండీ. మళ్లీ కదిపితే బతుకుతుందని నేనైతే మాటివ్వను. అందులోనూ నల్లరేగడిలోకి అంటారా, వానాకాలం నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది."

"తప్పనిసరైతే?"

"చెట్టు చుట్టూ సగం వరకే కందకం తీసి వేళ్లు కోయాలి. ఆకు ఎరువు నింపి నెలాగాలి. తర్వాత మిగతా సగం. అప్పుడు కాస్త ఆశ ఉంటుంది. మొన్న ఒకావిడ కూడా నిమ్మ గురించే అడిగి, ఇవే వివరాలు కాగితం మీద రాసుకెళ్లింది. ఈ ఏడు అందరికీ చెట్లు కదిపే పిచ్చి పట్టినట్టుంది."

కాస్త ఆశ ఉందన్నాడు. అది ముఖ్యం.

జూన్ 21

నిదానంగా ఆలోచిస్తే, పదకొండేళ్లలో ఒక్క కాయ కాయని చెట్టు అది. బజార్లో నిమ్మకాయలకి కరువా? చెట్టే కదా. కావాలంటే రెండు కొత్త మొక్కలు కొనిపెడతాను. మూడు కొనిపెడతాను.

రేపు తప్పకుండా చెప్తాను.

జూన్ 24

చెప్పలేదు. కానీ ఒక విచిత్రం జరిగింది. పొద్దున్న ఆవిడ తన ఆరు డబ్బాలూ మెట్ల మీద వరసగా పేర్చింది. ఏప్రిల్ నుంచి ఇది మూడో విడత ముల్లంగి అట. నేను గమనించనేలేదు.

"ఈ అయిదింట్లో నీళ్లెక్కువైతే ఆకు పసుపెక్కుతోంది. దుంప ఊరదు, వంకర్లు పోతుంది" అంది. "ఆరోదాంట్లో దుంప తిన్నగా దిగింది. కానీ మధ్యాహ్నానికల్లా దాహం. పొద్దునా సాయంత్రం పోయాలి. నీళ్లు నిలవవు."

నా పట్టికలో ఉన్నదే! స్కేలు లేకుండా, గడియారం లేకుండా, రెండు నెలల కిందటే! నాకు ఎంత ఉత్సాహం వచ్చిందంటే, ఆ ఊపులో అసలు విషయం కూడా చెప్పేయబోయాను. నోటిదాకా వచ్చింది.

"ఇంకేమైనా చెప్పాలా?" అంది ఆవిడ, డబ్బా చేతిలో పట్టుకుని.

"ఏం లేదు. ముల్లంగి బాగుంది" అన్నాను.

జూన్ 26

పొద్దున్న స్థలానికి వెళ్లాను. మేస్త్రి వచ్చేలోగా చెట్టు మొదలు చుట్టుకొలత తీసుకుందామని, కదపడానికి ఎంత గుంట కావాలో లెక్కేసుకుందామని. గడిచిన వారమంతా గూటాల వైపే వెళ్లాను గానీ చెట్టు దగ్గరికి వెళ్లనేలేదు.

చెట్టు చుట్టూ అర్ధచంద్రాకారంలో కందకం. మూరెడు లోతు. వేళ్లు కత్తిరించినట్టు నున్నగా తెగి ఉన్నాయి. అందులో ఆకు ఎరువు కూరి, పైన ఎండుగడ్డి కప్పి ఉంది. చెట్టు వాలకుండా మూడు కర్రలు పాతి పాత గుడ్డ పేలికలతో కట్టి ఉంది. సగమే. సరిగ్గా సగం.

కొలత తీయకుండానే ఇంటికొచ్చేశాను. ఆవిడ బియ్యం కడుగుతోంది.

"చెట్టు చుట్టూ తవ్వావా?"

"సగమే. మిగతా సగం వచ్చే నెల."

"ఎందుకు?"

"మీ గది కోసం."

"అది సామాన్ల..."

"అవునవును. పారలకి కిటికీ, పారలకి బల్ల, బల్ల మీద ఎండ పడకుండా పారలకి ఉత్తరం గాలి." నీళ్లు వంచేసి గిన్నె పక్కన పెట్టింది. "ఏ మట్టిలో నీళ్లు దిగుతాయో డబ్బాలు చెప్పాయి. గది ఎక్కడ వస్తుందో గూటాలు, ఎలా ఉంటుందో మీరు తెరిచి వదిలేసిన పుస్తకంలో బొమ్మలు చెప్పాయి. గుంతకి ఎంత దూరం కావాలో మేస్త్రి చెప్పాడు, అడిగితే. ఒక్క మీరే ఏం చెప్పలేదు."

"చెట్టు చచ్చిపోతే?"

"చావొచ్చు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇరవై ఏడేళ్లుగా ఊళ్లోవాళ్ల బల్లలు తుడుస్తున్నారు. మీకంటూ ఒక బల్ల ఉండొద్దా? అడిగితే ఇవ్వనంటానా? నోరు తెరిచి అడగడానికి ఏమొచ్చింది మీకు?"

బియ్యం గిన్నె తీసుకెళ్లి పొయ్యి మీద పెట్టాను.

జూన్ 27

ఈ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. కుడి పేజీల నిండా మట్టి, నీళ్లు, నిమిషాలు. ఎడమ పేజీల్లో రీడింగుల పట్టిక ఒకే ఒక్కటి. మిగతావన్నీ గది బొమ్మలే. ఆరు ఎనిమిది, ఎనిమిది ఎనిమిది, ఎనిమిది పది, పది పది. ఒకదాంట్లో బల్ల, ఒకదాంట్లో బల్ల మీద దీపం, ఒకదాంట్లో కుర్చీలో కూర్చున్న మనిషి. బట్టతల కూడా గీశాను. ఇన్ని బొమ్మల్లో ఒక్క పార లేదు. చెట్టు అసలే లేదు.

చాలా సిగ్గేసింది. రెండో నంబరు గుంటలో నీళ్లు ఇంకాయనుకున్న రోజు కంటే ఇది పెద్ద తప్పు. అది కనీసం తెలియక చేసింది.

మేస్త్రి రాకముందే వెళ్లి నాలుగు గూటాలూ పీకేశాను. నాలుగోది మొరంలో గట్టిగా దిగింది, పలుగు పెట్టి పెకలించాల్సి వచ్చింది. తాడు చుట్ట చుట్టి, ఆరో నంబరు గుంట ఒడ్డున కూర్చున్నాను. మేస్త్రి వచ్చి, పీకిన గూటాలు పక్కకి జరిపాడు. సున్నంతో ఇంకుడు గుంతకి గుండ్రంగా గీత గీశాడు. టేపు నేను పట్టుకున్నాను. అక్కడి నుంచి చెట్టు మొదలుకి పదిహేడు అడుగులు.

ఇంటికొచ్చి ఆవిడకి చెప్పాను. ఈసారి అన్నీ చెప్పాను, పదిహేనో తారీఖు నుంచి, గంతేసిన సంగతితో సహా. మెచ్చుకుంటుందనుకున్నాను. మండిపడింది.

"ఇప్పుడా చెప్పేది! ఇరవయ్యో తారీఖున కోశాను వేళ్లు. పదహారునే చెప్పుంటే ఒక్క వేరు తెగేది కాదు!"

అని అటు తిరిగి ఏడ్చింది. తలనొప్పికి గానీ, ఏడిళ్లు మారినప్పుడు గానీ ఆవిడ ఏడవడం నేను చూడలేదు. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఏడ్చాక అన్నం మాడిన వాసన వచ్చింది.

జూన్ 28

నర్సరీ ఆయన వచ్చి చూశాడు. మిగతా సగం ముట్టుకోవద్దు, కందకం మీద మట్టి కప్పేసి, నీడ కట్టి, నీళ్లు తప్పకుండా పోస్తే నిలబడొచ్చు అన్నాడు. "కోత మాత్రం శుభ్రంగా కోశారండీ, ఎవరో చేయి తిరిగినవాళ్లు" అన్నాడు. ఆవిడ తలెత్తలేదు గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

పొద్దునా సాయంత్రం మూడేసి చెంబులు. అది నా పని. నేనే అడిగి తీసుకున్నాను.

జూన్ 29

ఆకులు వాలాయి. మూడు చెంబులు, మూడు చెంబులు.

జూన్ 30

ప్లాను ఇచ్చేశాం! ఇంటి పునాది ఆరున్నర అడుగులు. మేస్త్రి లోతు చెప్పగానే మారు మాట్లాడకుండా రాశాను, ఆయనే కంగారుపడ్డాడు. వరండా చివర మూడడుగుల బల్ల ఒకటి ఆవిడ తన చేత్తో గీసింది. "వానజల్లు పడుతుంది" అన్నాను. "పక్కకి జరుపుకోండి" అంది. జరుపుకుంటాను.

చెట్టు కిందివైపు ఆకులు ఇంకా వాలే ఉన్నాయి. పై కొమ్మ మీద మాత్రం ఇవాళ నిటారుగా నిలిచాయి. నాలుగో అయిదో. మూడుసార్లు లెక్కపెట్టాను, ఆవిడతో లెక్కపెట్టించాను. అయిదు.

ఆఫీసు నుంచి వస్తూ స్థలానికి వెళ్లాం. మేస్త్రి తవ్వకం మొదలుపెట్టేముందు ఆఖరిసారి కొలవాలన్నాడు. నిన్నటి నుంచి నానుతున్న ఆరో నంబరు గుంటని మళ్లీ నింపాం. నేను గడియారం విప్పి ఆవిడ చేతిలో పెట్టాను, స్కేలు కూడా ఇచ్చాను. ఆవిడ చెప్పులు విడిచి గుంట ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుంది. నేను పక్కనే పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, నోరు మూసుకుని కూర్చున్నాను.

"దిగింది. అంగుళం" అంది.

"ఎంతసేపు?"

"పదకొండు నిమిషాలు."

మళ్లీ నింపాం. మళ్లీ పదకొండు. మూడోసారీ పదకొండే! ఆవిడ చెప్పింది, నేను రాశాను.